క్లిప్పులు తగ్గించండి, చేతులకు పని పెట్టండి

ప్రశ్న: నలుగురు మిత్రుల బృందం. డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డ్. ముందే కట్టుకున్న పాటలంటూ ఉండవు, యాభై నిమిషాలపాటు అప్పటికప్పుడు వాయిస్తారు. వెనక తెర మీద లైవ్ విజువల్స్ నన్ను చేయమన్నారు. నా దగ్గర విడి గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్, వీడియోలను అప్పటికప్పుడు కలిపి చూపించే రెజొల్యూమ్ సాఫ్ట్‌వేర్, దాన్ని చేత్తో నడపడానికి ఎనిమిది ఫేడర్లూ (జరిపే మీటలు) ఎనిమిది నాబ్‌లూ (తిప్పే బుడిపెలు) ఉన్న మిడి కంట్రోలర్, డౌన్‌లోడ్ చేసుకున్న మూడొందల క్లిప్పులు ఉన్నాయి. ఇప్పటికి రెండు ప్రదర్శనలయ్యాయి. మొదటిదాంట్లో బొమ్మ చాలాసార్లు బిగుసుకుపోయింది. రెండోదాంట్లో తెర ఉండుండి ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చింది. అవలా ఉంచితే, ఆడియో రియాక్టివ్ (శబ్దానికి బొమ్మ దానంతటదే కదిలే ఏర్పాటు) ప్రతిదానికీ పెట్టినా చూసినవాళ్లు "స్క్రీన్‌సేవర్‌లా ఉంది" అన్నారు. ఆరు వారాల్లో ఇంకో ప్రదర్శన ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? విజువల్స్‌ను మనమే కట్టుకునే టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా?

సమాధానం: ఇప్పుడు రెండూ వద్దు. టచ్‌డిజైనర్ మంచిదే, కానీ ఆరు వారాల గడువు పెట్టుకుని మొదలుపెడితే ప్రదర్శన నాటికి సగం కట్టిన ప్యాచ్ మిగులుతుంది. మీ దగ్గరున్న సామాను చాలు. మీరు రాసినవి మూడు సమస్యలు, దేని కారణం దానిదే. మొదటి రెండూ ఒక శనివారం కూర్చుంటే తీరిపోతాయి. మూడోదానికే మిగతా సమయమంతా కావాలి.

బిగుసుకుపోవడం సంగతి ముందు చూద్దాం. డౌన్‌లోడ్ చేసిన క్లిప్పులు చాలావరకు హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన ఫైళ్లు అయ్యుంటాయి. వాటిలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ఎక్కడో ఒక కీఫ్రేమ్, అంటే పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేమ్ ఉంటుంది, ఆ తర్వాతవన్నీ ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడాలు. ఎన్‌కోడర్‌ను ఉన్నదున్నట్టు వాడితే రెండు కీఫ్రేముల మధ్య దూరం 250 ఫ్రేముల దాకా ఉండొచ్చు. సినిమా చూసినట్టు మొదటినుంచి చివరిదాకా చూస్తే ఇబ్బంది లేదు. మీరు చేసేది మధ్యలోకి దూకడం, వెనక్కి నడపడం, రెండు సెకన్ల ముక్కను తిప్పితిప్పి వేయడం. దూకిన ప్రతిసారీ వెనకున్న కీఫ్రేమ్ దగ్గర మొదలుపెట్టి అన్నీ విప్పుకుంటూ రావాలి. మూడు లేయర్లలో ఒకేసారి ఈ పని పడితే ఏ ల్యాప్‌టాపైనా తడబడుతుంది.

అందుకే క్లిప్పులన్నీ రెజొల్యూమ్ సొంత వీడియో ఫార్మాట్ డీఎక్స్‌వీలోకి మార్చండి. రెజొల్యూమ్‌వాళ్లదే ఆలీ అనే ఉచిత ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్లలో కూడా నడవాలనుకుంటే హ్యాప్ అనే ఫార్మాట్ వాడండి. రెండింటిలోనూ ప్రతి ఫ్రేమూ స్వతంత్రం, విప్పే పనిలో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. దానికి మూల్యం ఫైలు సైజు. మామూలు హ్యాప్‌లో పిక్సెల్‌కి అర బైటు లెక్క, అంటే 1920×1080 ఫ్రేము సుమారు ఒక మెగాబైటు, 30 ఫ్రేముల వేగంతో సెకనుకు 31 మెగాబైట్ల దాకా. మూడు లేయర్లయితే తొంభై పైచిలుకు. ఎస్‌ఎస్‌డీకి ఇది లెక్కలోది కాదు. తిరిగే హార్డ్‌డిస్కు మాత్రం ఒకేసారి మూడు చోట్ల చదవలేక ఆయాసపడుతుంది. మామూలు హ్యాప్‌లో ఆకాశం, పొగ లాంటి నెమ్మదిగా మారే రంగులు మెట్లుమెట్లుగా కనబడతాయి. వాటికి హ్యాప్ క్యూ వాడండి, సైజు రెట్టింపవుతుంది. లేదా మార్చేముందు కాస్త గ్రెయిన్ (సన్నటి ఇసుక లాంటి చుక్కలు) కలపండి, మెట్లు దాక్కుంటాయి. హ్యాప్‌లోకి మార్చే క్లిప్పు వెడల్పూ ఎత్తూ నాలుగుతో భాగించబడేలా చూసుకోండి, లేకపోతే కొన్ని కన్వర్టర్లు మొరాయిస్తాయి.

ఇంకో రెండు విషయాలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా పూర్తి బలంతో పనిచేయదు, కాబట్టి చార్జర్ తప్పనిసరి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రెజొల్యూమ్‌ను విడి కార్డుకే కేటాయించారో లేదో చూడండి. ఆ తర్వాత ఇంట్లో తొంభై నిమిషాలు పూర్తి భారంతో నడపండి. ఐదు నిమిషాల పరీక్షలో వేడి సమస్య బయటపడదు, నలభయ్యో నిమిషంలో పడుతుంది.

తెర ఉండుండి నల్లబడటం సాధారణంగా కేబుల్ పని. మామూలు హెచ్‌డీఎంఐ వైరు పది, పదిహేను మీటర్లు దాటాక నమ్మకం తగ్గుతుంది. సిగ్నల్ అంచుమీద ఉన్నప్పుడు ఎవరో వైరు తొక్కినా లింక్ తెగి మళ్లీ కుదురుకుంటుంది, ఆ క్షణమే మీరు చూసిన నలుపు. దూరం ఎక్కువైతే హెచ్‌డీఎంఐని ఎక్కువ దూరం వెళ్లగల ఎస్‌డీఐ సిగ్నల్‌లోకి మార్చే చిన్న కన్వర్టర్ల జత పెట్టండి, లేదా క్యాట్6 నెట్‌వర్క్ వైరు మీద నడిచే హెచ్‌డీబేస్‌టీ పెట్టెల జత పెట్టండి. దీనితోపాటు ఒక ఈడీఐడీ ఎమ్యులేటర్‌ను (తెర తగిలే ఉందని ల్యాప్‌టాప్‌కి చెబుతూ ఉండే చిన్న పరికరం) ల్యాప్‌టాప్ పోర్టుకే తగిలిస్తే, అవతల ప్రొజెక్టర్ ఒక క్షణం మాయమైనా మీ ల్యాప్‌టాప్ రెండో డిస్‌ప్లేను వదిలిపెట్టదు, రెజల్యూషన్ మారిపోదు.

ఇక స్క్రీన్‌సేవర్. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

"ఆడియో రియాక్టివ్ ప్రతిదానికీ పెట్టినా" అని రాశారు. పెట్టినా కాదు, పెట్టినందుకే అలా ఉంది. సైజు, రంగు, వెలుగు, వేగం అన్నీ ఒకే శబ్దానికి ఒకేసారి ఎగిరితే కంటికి ఏ కదలికకీ కారణం దొరకదు. నలుగురూ వాయిస్తున్నప్పుడు మొత్తం శబ్దమట్టం ఎలాగూ పెద్దగా మారదు, అందుకని బొమ్మ అంతసేపూ ఒకే తీరున వణుకుతూ ఉంటుంది. మూడొందల క్లిప్పులు దానికి తోడయ్యాయి. ఏది వేయాలో వెతుక్కోవడంలోనే మీ చూపంతా ల్యాప్‌టాప్ మీదకి పోతుంది, చెవి సంగీతం మీదనుంచి పక్కకు జరుగుతుంది.

ఒకే శబ్దం, ఒకే కదలిక. ఇదొక్కటే నియమంగా పెట్టుకోండి. సౌండ్ ఇంజినీర్‌ని కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ మాత్రమే ఉన్న ఆక్స్ సెండ్ (మిక్సర్ నుంచి విడిగా తీసే లైను) ఒకటి అడిగి, ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌లోకి తీసుకోండి. ల్యాప్‌టాప్ మైకు వాడొద్దు, అది హాలు ప్రతిధ్వనినీ జనం చప్పట్లనూ సంగీతంగానే లెక్కేస్తుంది. లెవెల్ శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టండి. గుయ్‌మని హమ్ వస్తే ఆడియో లైను దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టండి. హమ్‌ను పట్టించుకోకపోతే, ఎఫ్‌ఎఫ్‌టీ (శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) కింది భాగంలో ఎప్పుడూ ఏదో ఉన్నట్టే కనబడి నిశ్శబ్దంలో కూడా బొమ్మ కదులుతుంది.

ఎఫ్‌ఎఫ్‌టీలో 50 నుంచి 100 హెర్ట్జ్ పరిధి మాత్రమే తీసుకుని దాన్ని ఒక్క పారామీటర్‌కి ఇవ్వండి. వెలుగుకి వద్దు. వెలుగు కొట్టుకుంటే కళ్లు పది నిమిషాల్లో అలిసిపోతాయి. డిస్‌ప్లేస్‌మెంట్ (బొమ్మను వంకరలు తిప్పే ఎఫెక్ట్) మోతాదుకో, సైజులో ఐదారు శాతం తేడాకో ఇస్తే చాలు. పైకి లేవడం వెంటనే జరగాలి, కిందికి దిగడానికి 200 నుంచి 300 మిల్లీసెకన్లు పట్టాలి. రెజొల్యూమ్‌లో దీన్ని ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగుతో సరిచేసుకుంటారు. మరీ వేగంగా దిగితే బొమ్మ టకటకలాడుతుంది, మరీ నెమ్మదైతే తర్వాతి దెబ్బ పడేసరికి ఇంకా పైనే ఉండి అసలు కదలికే కనిపించదు. మిగతావన్నీ మీ చేతులతో.

మూడొందల్లోంచి ఇరవై నాలుగు క్లిప్పులు ఎంచండి. పది నుంచి ఇరవై సెకన్ల లూపులు, అతుకు కనబడనివి. ఎంచేటప్పుడు ఒక్కటే పరీక్ష: వేగం పావు వంతుకి తగ్గించినా, తలకిందులు చేసినా, సగం బొమ్మ లూమా కీతో (వెలుగును బట్టి కొన్ని భాగాలను మాయం చేసే ఎఫెక్ట్) తీసేసినా చూడబుద్ధి అవుతోందా? మెరిసే సొరంగాలు, గిరగిరా తిరిగే త్రీడీ ఆకారాలు ఈ పరీక్షలో మొదటే పోతాయి. అవి ముందే పూర్తయిపోయిన బొమ్మలు, మీరు కలపడానికి వాటిలో చోటుండదు. గోడ మీద నీడలు, నీటి మీద వెలుగు, చేతులు, బట్ట మడతలు లాంటివి ఫోన్‌తో మీరే తీసుకోండి. హక్కుల గొడవా ఉండదు.

క్లిప్పులకన్నా మేలైన మూలం కెమెరా. 1968లో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ వేదిక మీద బృందాల వెనక జాషువా లైట్ షో నూనె, రంగునీళ్లు, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లతో తెర నింపేది. ఈ పద్ధతికి ఇప్పటికీ కాలం చెల్లలేదు. సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసమున్న చదునైన గాజు పళ్లెం తీసుకోండి. కింద తెల్లటి ఎల్‌ఈడీ ప్యానెల్ పెట్టండి. పళ్లెంలో అర సెంటీమీటరు నీళ్లు, మూడు నాలుగు చెంచాల నూనె పోయండి. నీళ్లలో కలిసే సిరా డ్రాపర్‌తో రెండేసి చుక్కలు. నూనె సిరాను రానివ్వదు కాబట్టి రంగు నూనె గుండ్రాల మధ్య సందుల్లోంచి పాకుతుంది, పళ్లెం అంచును వేలితో కాస్త ఎత్తితే మొత్తం ఒక పక్కకి జారుతుంది. సిరా తొందరపడి పోస్తే ఐదు నిమిషాల్లో అంతా ఒకే బురదరంగు అవుతుంది, అందుకని రెండో పళ్లెం సిద్ధంగా ఉంచుకోండి. ఇదంతా ల్యాప్‌టాప్ బల్ల మీద కాకుండా, దానికన్నా ఎత్తు తక్కువగా ఉన్న వేరే బల్ల మీద, అంచులున్న ట్రేలో పెట్టండి.

పైన కెమెరా. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో బిగించండి. ఆటో ఫోకస్ నూనె అంచుల మధ్య తడుముకుంటుంది. వెబ్‌క్యామ్‌ల ఆటో ఎక్స్‌పోజర్ చీకట్లో షట్టర్‌ను సాగదీసి ఫ్రేముల వేగాన్ని సగానికి దించేస్తుంది. ప్యానెల్ వెలుగు తగ్గిస్తే బొమ్మలో అడ్డ చారలు వస్తాయి, ఎందుకంటే చాలా ఎల్‌ఈడీలు వెలుగు తగ్గించడానికి వేగంగా ఆరి వెలుగుతాయి. ప్యానెల్‌ను పూర్తి వెలుగులో ఉంచి కెమెరాలో అపర్చర్ తగ్గించండి. కెమెరాకి ఆటో పవర్ ఆఫ్ తీసేశారా, బ్యాటరీ బదులు అడాప్టర్ పెట్టారా, హెచ్‌డీఎంఐ అవుట్‌లో మెనూ గుర్తులు రాకుండా చేశారా, చూడండి.

వాయించేవాళ్ల మీద కెమెరా పెట్టేముందు ఆలస్యం గురించి తెలియాలి. కెమెరా, దాని బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు, సాఫ్ట్‌వేర్, ప్రొజెక్టర్ తలా ఒకటి రెండు ఫ్రేములు తింటాయి. అన్నీ కలిసి 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. డ్రమ్మర్ చెయ్యి దగ్గరగా చూపిస్తే దెబ్బ ముందు వినబడి, తర్వాత కనబడుతుంది, చూసేవాళ్లకు అది పొరపాటుగానే తోస్తుంది. ఆ ఆలస్యాన్ని దాచడానికి తిప్పలు పడొద్దు, పెంచేయండి. ఒక సెకను వెనకబడితే అది మీ ఉద్దేశం అని తెలిసిపోతుంది. లేదా లూమా కీతో చేతుల ఆకారం మాత్రం తీసి, దానిలోపల పళ్లెం బొమ్మ నింపండి.

మూడో మూలం ఫీడ్‌బ్యాక్, అంటే వెళ్లిన ఫ్రేమునే మళ్లీ లోపలికి తేవడం. రెజొల్యూమ్‌లో ట్రెయిల్స్ ఎఫెక్ట్‌తో మొదలుపెట్టొచ్చు. కెమెరాను మానిటర్ వైపు తిప్పి పట్టుకుంటే పాతకాలపు పద్ధతి. కెమెరా మానిటర్‌కన్నా ఎక్కువ మేర చూస్తే బొమ్మ లోపలికి లోపలికి కుంచించుకుంటుంది, తక్కువ మేర చూస్తే బయటికి విప్పారుతుంది, ఐదారు డిగ్రీలు వాల్చితే సుడి తిరుగుతుంది. ఇక్కడ లెక్క తెలిస్తే చెయ్యి కుదురుతుంది. ప్రతి ఫ్రేములో పాత బొమ్మ వెలుగును 0.96తో గుణిస్తున్నారనుకోండి. 17 ఫ్రేముల్లో అది సగమవుతుంది, సెకనుకు 60 ఫ్రేముల దగ్గర 0.28 సెకన్లు. 0.98 అయితే 0.57 సెకన్లు, 0.90 అయితే 0.11. అంటే ఫేడర్ మొత్తం దూరం సున్నానుంచి ఒకటి దాకా ఉంటే పనికొచ్చే భాగం చివర్లో వెంట్రుకవాసి మాత్రమే. మిడి మ్యాపింగ్‌లో ఆ ఫేడర్ పరిధిని 0.85 నుంచి 0.985కి కుదించండి. ఇంకో సంగతి, భారం పెరిగి ఫ్రేముల వేగం 60 నుంచి 30కి పడిపోతే అదే 0.96కి తోక రెట్టింపు పొడుగవుతుంది. ఇంట్లో చక్కగా ఉన్నది వేదిక మీద అలుక్కుపోయినట్టుంటే ముందు ఫ్రేముల వేగమే చూడండి.

ఇంకొకటి చాలామందిని తికమక పెడుతుంది. అన్నీ తగ్గించినా తెర మీద బూడిదరంగు మచ్చ మిగిలిపోతుంది. కారణం 8 బిట్ల పూర్ణాంకాలు. వెలుగు 12 దగ్గరకొచ్చాక 0.96తో గుణిస్తే 11.52, దగ్గరి అంకెకి సర్దితే మళ్లీ 12. అక్కడే ఇరుక్కుపోతుంది. కలర్ డెప్త్ 16 బిట్లకు మార్చే వీలుంటే మార్చండి. లేకపోతే ఫీడ్‌బ్యాక్ దారిలో కాంట్రాస్ట్ కొద్దిగా పెంచి, నలుపు అంచును కాస్త పైకి జరపండి.

కంట్రోలర్ మీద ఎనిమిది ఫేడర్లకు ఎనిమిది పనులు, ప్రదర్శన మొత్తం అవే: పళ్లెం కెమెరా, క్లిప్ లేయర్, వేదిక కెమెరా, ఫీడ్‌బ్యాక్, డిస్‌ప్లేస్‌మెంట్, వేగం, రంగు గాఢత, చివరిది మొత్తం వెలుగు. బ్యాంకులు, పేజీలు వద్దు. చీకట్లో ఏ పేజీలో ఉన్నారో గుర్తుండదు. నాబ్‌లలో నాలుగే వాడండి. మిడిలో 128 మెట్లే ఉంటాయి కాబట్టి నెమ్మదిగా తిప్పినప్పుడు కదలిక గంతులేస్తే స్మూతింగ్ పెట్టండి. ఫేడర్ ఉన్నచోటు ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో విలువ ఇంకొకటి అయి, ముట్టుకోగానే బొమ్మ ఎగిరిపడే బాధ ఉంటే పికప్ మోడ్ పెట్టుకోండి, ఫేడర్ ఆ విలువను చేరేదాకా ఏమీ మారదు. స్ట్రోబ్ ఎఫెక్ట్‌ను మ్యాపింగ్‌లోంచే తీసేయండి. సెకనుకు మూడుకి మించిన మెరుపులు, ముఖ్యంగా గాఢ ఎరుపులో, ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ ఉన్నవాళ్లకు మూర్ఛ తెప్పించగలవు. వెలుగు ఫేడర్‌ను గబగబా పైకీ కిందకీ ఆడించినా అదే ఫలితం, మర్చిపోవద్దు.

ఇక సాధన. బృందం రిహార్సల్ ఒకటి పూర్తిగా రికార్డు చేయించుకుని, రోజూ ఇరవై నిమిషాలు దానిమీద వాయించండి. అవును, వాయించడమే. మొదటి రెండు వారాలు ఒక్క పళ్లెం, మూడు ఫేడర్లు. విసుగొచ్చినా క్లిప్ మార్చొద్దు. విసుగొచ్చిన తర్వాతే వేగం ఎంత తగ్గితే బొమ్మ బరువెక్కుతుందో, ఫీడ్‌బ్యాక్ ఎక్కడ పొంగుతుందో వేళ్లకు తెలుస్తుంది. అవుట్‌పుట్ రికార్డు చేసి, మరుసటి రోజు ఆడియో ఆపేసి చూడండి. సంగీతం ఎక్కడ మలుపు తిరిగిందో బొమ్మ చూసే చెప్పగలిగితే దారిలో ఉన్నట్టే. తర్వాతి వారాల్లో ఒక్కో మూలం కలుపుకుంటూ పోండి.

ప్రతి దెబ్బకీ బొమ్మ మార్చాలనుకోవద్దు. దెబ్బను ఆ ఒక్క ఎఫ్‌ఎఫ్‌టీ చూసుకుంటుంది. మీ చెవి మలుపుల మీద ఉండాలి: బేస్ ఆగిపోయినప్పుడు, కీబోర్డ్ కొత్త స్వరం పట్టుకున్నప్పుడు, నలుగురిలో ఒకరే మిగిలినప్పుడు. తాళం ఉన్న చోట 120 బీపీఎంలో (నిమిషానికి 120 దెబ్బలు) నాలుగు దెబ్బల బార్లు ఎనిమిదంటే 16 సెకన్లు. పెద్ద మార్పులు ఆ అంచు మీద పడితే చాలు. తాళం లేని భాగాల్లో బీపీఎం సింక్ ఆపేయండి, లేకపోతే సంగీతం కరిగిపోతున్నా బొమ్మ గడియారంలా కొట్టుకుంటూనే ఉంటుంది.

శబ్దం పెరిగితే వెలుగు పెంచడం అందరూ చేసేదే, రెండుసార్లు చేశాక ఇక పెంచడానికి ఏమీ మిగలదు. వెలుగు అలాగే ఉంచి బొమ్మ సాంద్రత పెంచండి, లేదా వాళ్లు ఉధృతంలో ఉన్నప్పుడు అన్నీ ఆపి ఒక నిశ్చల రూపం నిలపండి. పూర్తి తెలుపు యాభై నిమిషాల్లో ఒక్కసారికే దాచుకోండి. నలుపును ధైర్యంగా వాడండి. పది నిమిషాలు తెర చీకటిగా ఉన్నా కొంప మునగదు, ఆ తర్వాత వచ్చే మొదటి రంగుకి విలువ వస్తుంది. బృందంతో మూడే సైగలు మాట్లాడుకోండి: ముగింపు దగ్గరపడింది, మొత్తం ఆగబోతున్నాం, ఇక ఎత్తుకుంటున్నాం. వాళ్లు మిమ్మల్ని చూడగలిగేలా బల్లను వేదిక పక్కన వేయించుకోండి. హాలు వెనక కూర్చుంటే మీరు ఐదో వాద్యకారులు కారు.

వేదిక దగ్గర ముందే అడగాల్సినవి కొన్ని. ప్రొజెక్టర్ అయితే ల్యూమెన్లను తెర వైశాల్యంతో భాగించండి. 5000 ల్యూమెన్లు, 4 మీటర్ల వెడల్పున్న 16:9 తెర అంటే 9 చదరపు మీటర్లు, సుమారు 550 లక్స్. స్టేజీ ముందు లైట్లు తెర మీద పడితే ఇందులో సగం కొట్టుకుపోతుంది, ముందు పోయేది నలుపే. లైటింగ్ ఆపరేటర్‌ని ముందునుంచి పరిచే వెలుగు తగ్గించి పక్కల నుంచి, పైనుంచి వేయమనండి. ఎల్‌ఈడీ వాల్ అయితే వెలుగు 30, 40 శాతానికి దించమనండి, లేకపోతే వాయించేవాళ్లు నల్లటి నీడలవుతారు. పిక్సెల్స్ లెక్క కూడా కనుక్కోండి. 3.9 మిల్లీమీటర్ల పిచ్ (పిక్సెల్స్ మధ్య దూరం) ఉన్న అర మీటరు చదరపు క్యాబినెట్‌లో (వాల్‌ను పేర్చే పలక) ఒక్కో వైపు 128 పిక్సెల్స్ ఉంటాయి, ఎనిమిది అడ్డంగా, ఐదు నిలువుగా పేరిస్తే 1024×640. దానికి 4కే క్లిప్పులు మోసుకెళ్లడం దండగ. ఎలాగూ తెర కింది మూడో వంతును మనుషులూ స్పీకర్లూ కప్పేస్తాయి, ముఖ్యమైన కదలిక పైన ఉంచండి.

చివరిగా, డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే ల్యాప్‌టాప్ మీద పెట్టొద్దు. నాలుగు ఇన్‌పుట్ల చిన్న హెచ్‌డీఎంఐ స్విచర్ ఒకటి కొనండి. ఒకదాంట్లో ల్యాప్‌టాప్, ఇంకోదాంట్లో పళ్లెం కెమెరా నేరుగా. కెమెరాకి ఒకే అవుట్ ఉంటుంది కాబట్టి మధ్యలో స్ప్లిటర్ పెట్టి ఒక దారి క్యాప్చర్ కార్డుకి, రెండోది స్విచర్‌కి ఇవ్వండి. కెమెరా, ల్యాప్‌టాప్, స్విచర్ మూడూ ఒకే ఫార్మాట్‌లో, ఉదాహరణకు 1080పీ 60లో ఉంటే మారేటప్పుడు గంతు ఉండదు. నోటిఫికేషన్లు, స్లీప్, అప్‌డేట్లు ఆపి, సౌండ్ చెక్ సమయంలో ఒకసారి రెజొల్యూమ్‌ను కావాలనే మూసేసి చూడండి. బొమ్మ పోయిందని గమనించి, కెమెరాకి మారి, ప్రోగ్రాం మళ్లీ తెరిచి, తిరిగి ల్యాప్‌టాప్‌కి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలుచుకోండి. ఆ కాసేపు పళ్లెంతోనే నడపడం కూడా సాధనలో భాగంగా చేయండి.